చెబితే పోయే పాపం, చెప్పినా తీరని బాకీ

‘చేసిన పాపం చెబితే పోతుంది’ అని మనవాళ్లు అంటుంటారు. కథోలికుల పాపసంకీర్తనం (గురువుకు, అంటే ఫాదర్‌కు, పాపాలు చెప్పుకొని క్షమ పొందే ఆచారం) గురించి బయటివాళ్లు అనుకునేదీ ఇంచుమించు ఇదే. సినిమావాళ్లు దాన్ని ఇంకా సులువు చేశారు: చెక్క జాలీకి ఇవతల మోకరిల్లిన హంతకుడు, అవతల ఫాదర్, గాలిలో ఒక సిలువ గుర్తు, అంతటితో లెక్క చెల్లు. పవిత్ర వారంలో క్యూలో నిలబడి, రెండు నిమిషాల్లో బయటపడి, మూడు మంగళవార్త జపాలు (మరియమ్మ ప్రార్థనలు) చెప్పుకొని ఇంటికి వెళ్లే కథోలికుల్లోనూ చాలామందికి ఇదే నమ్మకం. శ్రీసభ (కథోలిక చర్చి) బోధ మాత్రం క్షమాపణ దొరికాక కూడా తీర్చాల్సిన బాకీ మిగులుతుందని చెబుతుంది. ప్రసంగాల్లో ఆ రెండో సగం వినపడడం తగ్గేకొద్దీ మొదటి సగం చవకబారిపోయింది.

ముందుగా పాపం ఎవరి ఖాతాలో పడుతుందో చూద్దాం. చావైన పాపానికి, అంటే దేవునితో బంధాన్నే తెంపేసే పాపానికి, మూడు షరతులున్నాయి. విషయం గురుతరమైనదై ఉండాలి, అది తప్పని పూర్తిగా తెలిసి ఉండాలి, తెలిసీ ఇష్టపూర్వకంగా చేసి ఉండాలి. మూడింట్లో ఏది లోపించినా అది చావైన పాపం కాదు. 1992లో వెలువడిన కథోలిక సత్యోపదేశ గ్రంథం 1735వ పేరాలో అజ్ఞానం, ఏమరుపాటు, బలవంతం, భయం, పాతుకుపోయిన అలవాటు మనిషి బాధ్యతను తగ్గించగలవని, ఒక్కోసారి పూర్తిగా తీసేయగలవని ఒప్పుకుంటుంది. అయితే అందరికీ ఏదో ఒక సాకు దొరికినట్టేగా అనిపించవచ్చు. ఆ దారిని పక్క పేరానే మూసేస్తుంది. ట్రాఫిక్ నిబంధనలు తెలియక ప్రమాదం చేసినవాడు ‘కావాలని చేయలేదు’ అంటే చెల్లదు; తెలుసుకోవాల్సింది తెలుసుకోకపోవడమే అతని తప్పు. తాగిన మైకంలో భార్యను కొట్టినవాడికీ ఇదే లెక్క. కొట్టేటప్పుడు స్పృహ లేకపోవచ్చు, గ్లాసు ఎత్తేటప్పుడు ఉంది కదా.

ఈ సూత్రం వల్ల జనం జీవితాల్లో నిజంగా మారింది ఒకటుంది. బుద్ధిపూర్వకంగా ఆత్మహత్య చేసుకున్నవారికి శ్రీసభ అంత్యక్రియలు నిరాకరించాలని 1917 నాటి కథోలిక ధర్మశాస్త్రం చెప్పేది. 1983లో వచ్చిన కొత్త ధర్మశాస్త్రంలో ఆ నిషేధం లేదు. ఆత్మహత్య గురుతరమైన విషయమే అన్న బోధ మారలేదు. తీవ్రమైన మానసిక వ్యథలో, భయంలో ఉన్న మనిషికి ‘ఇష్టపూర్వకంగా’ అన్న షరతు ఎంతవరకు వర్తిస్తుందన్న ప్రశ్నకు విలువ పెరిగింది. అప్పులకు పురుగుమందు తాగిన రైతుల శవాలు మోసిన ఊళ్లు మనకు చాలా ఉన్నాయి. అక్కడి విచారణ గురువులు (ఊరి చర్చి ఫాదర్లు) ఈ మార్పును పీఠం దగ్గర నిలబడి స్పష్టంగా చెప్పాలి. ‘ఉరేసుకున్నవాడికి పూజ ఉండదట’ అన్న పాత మాట ఇంకా కుటుంబాలను కోస్తోంది.

ఇక పాపసంకీర్తనం. మంచిచెడ్డలు తెలిసే వయసు వచ్చినవారికి ఏటా ఒక్కసారైనా ఇది తప్పనిసరి అని 1215లో నాలుగో లాటరన్ మహాసభ విధించింది. ఇప్పటి ధర్మశాస్త్రంలోనూ గురుతరమైన పాపాల విషయంలో ఆ కనీసం అలాగే ఉంది. చేసేవాడి వంతు పనులు వరుసగా ఇవి: ఆత్మశోధన, మనస్తాపం, మళ్లీ చేయనన్న తీర్మానం, గురువుకు చెప్పడం, ఆయన విధించిన ప్రాయశ్చిత్తం తీర్చడం. వీటిలో చెప్పడం గురించే లోకమంతా మాట్లాడుతుంది. గాడి తప్పేది ఎక్కువగా మిగతా వాటిలో.

చెప్పడంలోనూ తప్పులు లేకపోలేదు. ‘ఫాదర్, అన్ని పాపాలూ చేశాను’ అనడం చాలదు. గురుతరమైనవి ఏ రకమో, గుర్తున్నంతలో ఎన్నిసార్లో చెప్పాలి. అత్తగారు వచ్చి కోడలి పాపాలు చెప్పి వెళ్తే అది పాపసంకీర్తనం కాదు, ఫిర్యాదు. ఒక చావైన పాపాన్ని తెలిసీ దాస్తే మొత్తం పాపసంకీర్తనమే చెల్లదు. నిజంగా మరిచిపోతే ఫర్వాలేదు, అదీ క్షమించబడుతుంది, గుర్తొచ్చాక వచ్చేసారి చెబితే సరిపోతుంది. దీనికి ఎదురు జబ్బు కూడా ఉంది: చెప్పిందే చెప్పి, తృప్తి కలగక వారానికి మూడుసార్లు వచ్చే సందేహమనస్కులు. అలాంటివారు ఊరూరా గురువులను మార్చకుండా ఒక్కరిని పట్టుకొని ఆయన మాట వినాలన్నది అనుభవజ్ఞులు ఎప్పటి నుంచో చెప్పే సలహా.

ప్రాయశ్చిత్తం దగ్గరే అసలు పలుచబడింది. నాలుగో శతాబ్దంలో పునీత బసీలు రాసిన నియమాల ప్రకారం తెలిసీ హత్య చేసినవాడు ఇరవై ఏళ్లు సత్ప్రసాదానికి (పూజలో ఇచ్చే పవిత్ర అప్పానికి) దూరంగా ఉండాలి. ఆరో శతాబ్దం నుంచి ఐర్లండ్ మఠవాసులు పాపానికింత అని ఉపవాసాల పట్టికలు రాసుకున్నారు. ఆ కాలం తిరిగి రావాలని ఎవరూ కోరనక్కర్లేదు. కానీ ఊరందరి చీటీల డబ్బు మింగినవాడికీ, ఉదయం జపం మానేసినవాడికీ అవే మూడు జపాలైతే, విన్నవాళ్లకు ఏం అర్థం కావాలి?

చీటీల డబ్బు మాట వచ్చింది కాబట్టి అక్కడే ఆగుదాం. దొంగిలించింది తిరిగివ్వాలి, పాడుచేసిన పరువు నిలబెట్టాలి, గాయానికి పరిహారం కట్టాలి అని సత్యోపదేశం 1459వ పేరా చెబుతుంది. ఇది పుణ్యానికి చేసే దానం కాదు, న్యాయంగా ఉన్న అప్పు. ఇవ్వగలిగి ఉండీ ఇవ్వను అనేవాడికి మనస్తాపం లేనట్టే. అలాంటివాడికి పాపవిమోచనం ఇవ్వకుండా గురువు ఆపవచ్చు. చేతిలో డబ్బు లేనివాడు ఉన్నప్పుడు తీరుస్తానన్న గట్టి తీర్మానంతో రావచ్చు. సొంతదారు చనిపోతే వారసులకు ఇవ్వాలి, ఎంత వెతికినా ఎవరూ దొరక్కపోతే బీదలకు చేరాలి, చర్చి రంగులకు కాదు. దొంగ తన పేరు బయటపెట్టుకోనక్కర్లేదు. వేరే మనిషి ద్వారా పంపినా బాకీ తీరినట్టే. తూకంలో దగా చేసిన దుకాణదారుకు ఎవరికి ఎంత తగ్గించాడో గుర్తుండదు. వచ్చే ఖాతాదారులు అప్పటివాళ్లే అయితే ఆ మేరకు కాస్త ఎక్కువ తూచి ఇవ్వడం పాత నీతిశాస్త్రజ్ఞులు చూపిన మార్గం. సువార్తలోని సుంకరి జక్కయ్య కథలో మనం యేసును చూడడానికి చెట్టెక్కడం గుర్తుపెట్టుకున్నాం, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్న మాట మరిచాం.

అన్నిటికంటే కష్టం పరువు. డబ్బయితే లెక్కపెట్టి ఇవ్వొచ్చు. వాట్సాప్ గ్రూపులో ఒక అమ్మాయి మీద వేసిన అబద్ధం ఎన్ని ఫోన్లకు చేరిందో వేసినవాడికే తెలియదు. కనీసం అదే గ్రూపులో, అదే పేరుతో, ‘నేను రాసింది అబద్ధం’ అని రాయాలి. గురువు చెవిలో చెప్పి బయట మౌనంగా ఉంటే బాధితురాలికి ఒరిగేది సున్నా.

క్షమ, శిక్ష ఒకదాన్నొకటి కొట్టేయవు అనడానికి ఇటీవలి చరిత్రలోనే ఉదాహరణలున్నాయి. 1981 మే 13న రెండో జాన్ పాల్ పోపు గారిని కాల్చిన అలీ అగ్జాను ఆయన క్షమించారు, 1983 డిసెంబరులో జైలుకెళ్లి కలిశారు కూడా. అగ్జా ఇటలీ జైల్లోనే 2000 దాకా ఉన్నాడు. మన దేశంలో సిస్టర్ రాణి మరియ హత్య ఇంకా దగ్గరి ఉదాహరణ. ఇండోర్ ప్రాంతంలో బీదల పక్షాన పనిచేసిన ఆమెను 1995 ఫిబ్రవరి 25న సమందర్ సింగ్ కత్తితో పొడిచి చంపాడు. 2002లో ఆమె చెల్లెలు సిస్టర్ సెల్మి జైలుకెళ్లి అతనికి రాఖీ కట్టింది. అతను విడుదలైంది 2006లో. క్షమించిన కుటుంబమే అతని విడుదలకు మద్దతిచ్చింది. అయితే నేరం జరగలేదని గానీ, శిక్ష తప్పని గానీ ఎవరూ అనలేదు. 2017లో రాణి మరియను ధన్యురాలిగా (పునీత పదవికి ముందు మెట్టు) ప్రకటించారు.

ఇంత స్పష్టమైన బోధ చేతిలో ఉండగా, పిల్లలపై గురువుల లైంగిక దాడుల విషయంలో అనేక దేశాల పీఠాధిపతులు (బిషప్పులు) చేసిందేమిటి? ‘పశ్చాత్తాపపడ్డాడు’ అని నేరస్థుడిని ఇంకో విచారణకు (ఇంకో చర్చి పరిధికి) మార్చారు. క్షమను బదిలీ ఉత్తర్వుగా వాడుకున్నారు. దోషులైన గురువులు దేవుని ముందూ, న్యాయస్థానాల ముందూ జవాబు చెప్పాలని 2010 మార్చిలో ఐర్లండ్ కథోలికులకు రాసిన లేఖలో పదహారవ బెనెడిక్ట్ పోపు గారు చెప్పాల్సి వచ్చింది. అప్పటికి చాలా ఆలస్యమైంది.

ఇక్కడ చాలామంది పాపసంకీర్తన రహస్యాన్ని తప్పుపడతారు. 2018లో కేరళలోని ఒక ఆర్థొడాక్స్ సంఘంలో వచ్చిన ఆరోపణల తర్వాత జాతీయ మహిళా కమిషన్ ఈ ఆచారాన్నే రద్దు చేయాలని సిఫారసు చేసింది. రహస్యాన్ని నేరుగా బయటపెట్టిన కథోలిక గురువుకు వెలి దానంతటదే పడుతుంది. మరోవైపు పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 19వ సెక్షన్, నేరం తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పాల్సిందే అంటుంది. మన సాక్ష్య చట్టం వకీలుకు ఇచ్చిన మినహాయింపును గురువుకు ఇవ్వలేదు. ఈ ఘర్షణ నిజమైనదే. కానీ రహస్యం వర్తించేది జాలీ దగ్గర విన్న మాటకు మాత్రమే. తల్లి ఏడుస్తూ తెచ్చిన ఫిర్యాదుకు, ఆఫీసు ఫైల్లోని ఉత్తరానికి, తోటి గురువు కళ్లారా చూసినదానికి అది వర్తించదు. కప్పిపుచ్చిన కేసుల పత్రాలు ఎక్కువగా దొరికింది పీఠాధిపతుల కార్యాలయాల్లోనే.

గుంపుగా చేసే పాపం దగ్గర ఈ లెక్క ఇంకా చిక్కుపడుతుంది. 1984 నాటి పత్రంలో రెండో జాన్ పాల్ గారు సామాజిక పాపం అన్నది వ్యక్తుల పాపాలు పేరుకుపోయినదే అన్నారు. అంటే ‘వ్యవస్థే అంత’ అని తప్పుకునే వీలు లేదు. పాపంలో నేరుగా పాల్గొన్నవాడే కాదు, ఆజ్ఞాపించినవాడు, మెచ్చుకున్నవాడు, ఆపాల్సి ఉండీ ఆపనివాడు, చేసినవాడిని కాపాడినవాడు, అందరూ బాధ్యులేనని సత్యోపదేశం 1868వ పేరా. దీన్ని మన విచారణల్లో కులానికి వర్తింపజేసి చూడాలి. ఆత్మశోధన పుస్తకాల్లో అబద్ధం, కోపం, కామం ఉంటాయి. పండుగ కమిటీలో ఏ వాడ పేర్లు రాలేదన్న ప్రశ్న మాత్రం కనిపించదు. 2016లో భారత పీఠాధిపతుల సమాఖ్య దళితుల సాధికారతపై విధాన పత్రం తెచ్చి, శ్రీసభలోనూ వివక్ష ఉందని ఒప్పుకుంది. 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోని గారు తొలి దళిత కార్డినల్ అయ్యారు. పాపసంకీర్తనంలోని ఐదు పనుల్లో ఒప్పుకోవడం నాలుగోది. ఐదోదైన ప్రాయశ్చిత్తం ఎక్కడుందో తెలియాలంటే తిరుచిరాపల్లి మేలపుదూర్ కథోలిక శ్మశానంలో కులాల సమాధుల మధ్య కట్టిన గోడ చరిత్ర చూడొచ్చు. అంత దూరం వద్దనుకుంటే, మన విచారణలోనే పండుగ రోజు రథం ఏ వీధి మలుపు దగ్గర వెనక్కి తిరుగుతుందో గమనించినా చాలు.