1876ను దాటవేసి అమెరికా ఎన్నికల చరిత్ర చెప్పలేం

అమెరికాలో హైస్కూలు చదువుకు దేశమంతటికీ ఒకే పాఠ్యప్రణాళిక లేదు. ఏ తరగతిలో చరిత్ర చెప్పాలో, ఏ తరగతిలో పౌరశాస్త్రం చెప్పాలో రాష్ట్రాలు, స్థానిక స్కూలు బోర్డులు నిర్ణయించుకుంటాయి. కాలిఫోర్నియాలో పదకొండో తరగతిలో అమెరికా చరిత్ర, పన్నెండులో ఒక సెమిస్టర్ పాటు ప్రభుత్వ వ్యవస్థ పాఠం ఉంటాయి. రెండు శతాబ్దాలకు పైబడిన ఎన్నికలను ఇంత తక్కువ వ్యవధిలో చెప్పాల్సి వచ్చినప్పుడు అధ్యక్షుల పేర్లు వరుసగా చదువుకుంటూ పోవడమే సులువనిపిస్తుంది. అలా చెబితే ఎవరు గెలిచారో పిల్లలకు తెలుస్తుంది గానీ, ఆ గెలుపును ఎవరు, ఏ నియమం ప్రకారం, ఎవరి ఓట్లను లెక్కలోకి తీసుకుని తేల్చారో తెలియదు. 2022లో ఎనిమిదో తరగతి విద్యార్థులకు జరిపిన జాతీయ పరీక్షలో పౌరశాస్త్రంలో 22 శాతం, అమెరికా చరిత్రలో 13 శాతం మంది మాత్రమే ‘ప్రొఫిషియెంట్’ స్థాయిని అందుకున్నారు. ఆ మరుసటి ఏడు హైస్కూలులో అడుగుపెట్టేది ఆ పిల్లలే.

ఏదైనా ఒక్క ఎన్నికకు పూర్తిగా వారం రోజులు కేటాయించగలిగితే అది 1876 ఎన్నికే కావాలి. డెమోక్రాట్ శామ్యూల్ టిల్డెన్‌కు ప్రజల ఓట్లలో దాదాపు రెండున్నర లక్షల ఆధిక్యం వచ్చింది. కానీ అధ్యక్షుణ్ని తేల్చేవి రాష్ట్రాలవారీగా ఎంపికైన ప్రతినిధులు వేసే ఎలక్టోరల్ ఓట్లు. వాటిలో గెలుపునకు 185 కావాలి, ఆయనకు 184 ఖాయమయ్యాయి. రిపబ్లికన్ రూథర్‌ఫర్డ్ హేస్‌కు 165 దక్కాయి. మిగిలిన 20 మీద తగవు పడింది. ఫ్లోరిడా, లూసియానా, సౌత్ కరొలైనాల నుంచి రెండేసి ఫలితాలు వాషింగ్టన్ చేరాయి. అక్కడ ఒక పక్షం నల్లజాతి ఓటర్లను ఆయుధాలతో బెదిరించి పోలింగుకు రానివ్వలేదు, రెండో పక్షం చేతిలో ఉన్న లెక్కింపు బోర్డులు ఎదుటివారి ఓట్లను కట్టలకొద్దీ కొట్టిపారేశాయి.

తరగతి గదిలో ఇక్కడ ఆగి రాజ్యాంగం తెరిపించాలి. 12వ సవరణ ప్రకారం సెనేట్ అధ్యక్షుడు (మామూలుగా దేశ ఉపాధ్యక్షుడే) ఉభయ సభల సమక్షంలో ధ్రువపత్రాలన్నీ తెరుస్తాడు, ‘అప్పుడు ఓట్లు లెక్కించబడతాయి’. ఎవరు లెక్కించాలో, రెండు పత్రాలు వస్తే దేన్ని తీసుకోవాలో అందులో లేదు. దారి దొరకని కాంగ్రెస్ ఐదుగురు సెనేటర్లు, ఐదుగురు ప్రతినిధులు, ఐదుగురు సుప్రీంకోర్టు న్యాయమూర్తులతో 15 మంది కమిషన్ వేసింది. ఏ పార్టీకీ చెందనివాడని అందరూ నమ్మిన డేవిడ్ డేవిస్‌ను సరిగ్గా అప్పుడే ఇల్లినాయ్ శాసనసభ సెనేట్‌కు ఎన్నుకోవడంతో ఆయన తప్పుకున్నారు. ఆ స్థానంలోకి రిపబ్లికన్ నేపథ్యమున్న జోసెఫ్ బ్రాడ్లీ వచ్చారు. వివాదంలో ఉన్న ఓట్లన్నీ ఎనిమిదికి ఏడు తేడాతో హేస్‌కే వెళ్లాయి. 1877 మార్చి 2న, కొత్త అధ్యక్షుడి పదవీకాలం మొదలయ్యే రెండు రోజుల ముందు, 185-184 అని ప్రకటించారు.

పాఠం అంతటితో ముగిస్తే అది మంచి నాటకంగానే మిగిలిపోతుంది. ఆ ఏప్రిల్‌లో హేస్ ఆదేశంతో సౌత్ కరొలైనా రాజధాని కొలంబియాలో, లూసియానాలోని న్యూ ఆర్లియన్స్‌లో రిపబ్లికన్ ప్రభుత్వాలకు అండగా ఉన్న ఫెడరల్ సైనికులు బారక్‌లకు వెళ్లిపోయారు, ఆ ప్రభుత్వాలు కూలాయి. జాతి కారణంగా ఓటు నిరాకరించరాదన్న 15వ సవరణ 1870 నుంచీ అమలులోనే ఉంది, దాన్ని ఎవరూ రద్దు చేయలేదు. అయినా 1898లో లూసియానా కొత్త రాజ్యాంగం రాసుకుని అక్షరాస్యత లేదా ఆస్తి ఉండాలన్న షరతు పెట్టింది. 1867 జనవరి 1 నాటికి ఓటున్నవారికి, వారి కొడుకులకు, మనవళ్లకు మినహాయింపునిచ్చింది. ఆ తేదీకి అక్కడ నల్లజాతివారికి ఓటు లేదు. ఆ రాష్ట్రంలో నమోదైన నల్లజాతి ఓటర్లు 1896లో 1,30,334 మంది, 1904లో 1,342 మంది. ఈ రెండు అంకెలూ బోర్డు మీద పక్కపక్కన రాసి ఎలా జరిగిందో కనుక్కోమంటే, 1965 ఓటు హక్కుల చట్టం కింద ఓటర్ల నమోదుకు ఫెడరల్ అధికారులను ఎందుకు పంపాల్సి వచ్చిందో ఉపాధ్యాయుడు వేరే చెప్పనక్కర్లేదు.

ఎన్నికల ఊసెత్తితే తల్లిదండ్రుల నుంచి ఫిర్యాదులు వస్తాయన్నది ఉపాధ్యాయుల భయం. అది అర్థం లేని భయమేమీ కాదు. 2020 ఎన్నిక గురించి మాట్లాడితే ఏ ఇంటి పిల్లవాడు ఏం అంటాడో ముందే చెప్పేయవచ్చు. 1876లో ఆ పప్పులు ఉడకవు. అప్పటి రిపబ్లికన్లు నల్లజాతి ఓటర్ల పార్టీ, డెమోక్రాట్లు దక్షిణాది శ్వేతజాతి ఆధిపత్యవాదుల పార్టీ. ఇంటినుంచి తెచ్చుకున్న అభిమానం ఇక్కడ అక్కరకు రాదు, కాగితాలు చదివి తేల్చుకోవాల్సిందే. పైగా రాజ్యాంగంలోని ఆ ఖాళీ కథ అక్కడితో ఆగలేదు. దాన్ని పూడ్చడానికి 1887లో చేసిన చట్టం గందరగోళంగానే ఉండిపోయింది. 2021 జనవరి 6న, 2020 ఎన్నిక ఓట్ల లెక్కింపులో కొన్ని రాష్ట్రాల ఓట్లను పక్కన పెట్టాలని అప్పటి ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్ మీద ఒత్తిడి వచ్చింది ఆ అస్పష్టత ఆధారంగానే. లెక్కింపులో ఉపాధ్యక్షుడిది లాంఛనప్రాయమైన పాత్రేనని 2022 చట్టం స్పష్టం చేసింది. 1876 నుంచి ఇక్కడిదాకా నడిచి వచ్చిన విద్యార్థి ఆ వివాదాన్ని చట్టం వైపు నుంచి చూడగలడు.

ఎన్నికలన్నీ మోసమేనన్న నిరాశ పిల్లల్లో నాటుతున్నారన్న విమర్శకు కొంత బలముంది. అందుకే సంస్కరణలనూ చెప్పాలి, వాటిలోని మెలికలతో సహా. 1888 తర్వాత ప్రభుత్వమే ముద్రించే రహస్య బ్యాలెట్ వ్యాపించేదాకా, పార్టీలే తమ చీటీలు అచ్చువేసి ఓటరు చేతిలో పెట్టేవి. ఎవరు ఏ చీటీ వేస్తున్నారో చుట్టూ ఉన్నవారికి కనిపించేది. రహస్య బ్యాలెట్ ఆ బెదిరింపును తగ్గించింది, కానీ చదవడం రానివారిని దక్షిణాదిలో బయటికి నెట్టడానికీ పనికొచ్చింది. 1951-52లో భారతదేశం అభ్యర్థికో పెట్టె, దాని మీద గుర్తు పెట్టి నిరక్షరాస్యులతో ఓటు వేయించింది. న్యూజెర్సీలోనో టెక్సస్‌లోనో చదువుతున్న తెలుగు పిల్లలు తరగతిలో ఈ పోలిక తేగలరు. అమెరికాకు వలస వెళ్లిన భగత్ సింగ్ థిండ్ కేసులో 1923లో అక్కడి సుప్రీంకోర్టు వలస వచ్చిన భారతీయులు అమెరికా పౌరసత్వానికి అనర్హులన్నదీ, 1946లో చట్టం మారేదాకా ఆ తలుపు మూసే ఉన్నదీ వారికి తెలియాల్సిన విషయాలే.

వీటన్నిటికీ సమయం ఎక్కడిదంటే, కోతపెట్టదగినవి బోలెడున్నాయి. 1840 ప్రచారంలోని కర్రగుడిసె బొమ్మలు, కెన్నెడీ-నిక్సన్ టీవీ చర్చలో ఎవరి మొహం ఎలా కనిపించిందన్న ముచ్చట పది నిమిషాల్లో చెప్పేయవచ్చు. 1800లో జెఫర్సన్, బర్‌ల 73-73 సమాన ఓట్లను 12వ సవరణకు ఉపోద్ఘాతంగా వాడుకుంటే చాలు. ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడాతో తేలిన 2000 ఎన్నికకు మాత్రం ఒక పూర్తి పీరియడ్ ఇవ్వాలి, అదీ 1876 తర్వాతే.