శాంతి సంస్థలో సభ్యత్వం ఎవరి పేరున?

అమెరికాలోని మన తెలుగు సంఘం ఏదైనా అంతర్జాతీయ శాంతి సంస్థలో చేరాలని ఈ మధ్య కార్యవర్గంలో ఒక ప్రతిపాదన వచ్చింది. మత విశ్వాసం పునాదిగా అహింస కోసం పనిచేసే ‘ఫెలోషిప్ ఆఫ్ రీకన్సిలియేషన్’ పేరూ అందులో ఉంది. వార్షిక సభల బ్యానరు మీద ఇంకో లోగో వస్తుందంటే ఎవరు కాదంటారు? నేను కాదంటున్నాను. సంఘాన్ని వదిలేసి మనం ఒక్కొక్కరం చేరాలని నా అభిప్రాయం.

ఆ సంస్థ పుట్టుకే అలాంటిది. 1914 ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం అంటుకోవడంతో, జర్మనీలోని కాన్‌స్టన్స్‌లో క్రైస్తవులు పెట్టుకున్న శాంతి సమావేశం మధ్యలోనే ఆగిపోయింది. ఎవరి దేశానికి వాళ్ళు పరుగు తీస్తుండగా, కొలోన్ రైల్వే స్టేషన్‌లో ఇంగ్లండు క్వేకర్ (యుద్ధం కూడదనే క్రైస్తవ శాఖవాడు) హెన్రీ హాజ్‌కిన్, జర్మన్ పాస్టర్ సీగ్మండ్ షుల్ట్సె చేతులు కలిపారు. దేశాలు కొట్టుకున్నా తామిద్దరూ శత్రువులు కాబోమని మాటిచ్చుకున్నారు. ఆ ఏడాది చివర్లో కేంబ్రిడ్జ్‌లో సంస్థ మొదలైంది. మరుసటి ఏడు అమెరికాకు వచ్చింది, 1919లో అంతర్జాతీయమైంది.

“క్రిస్టియన్ సంస్థ కదండీ, మతమార్పిడి గొడవ ఏమైనా...” అని నన్ను పక్కకి పిలిచి అడిగినవాళ్ళున్నారు. మొదలైంది క్రైస్తవుల్లోనే. తర్వాత తలుపులు తెరిచారు. యూదుల శాంతి ఫెలోషిప్ 1941లో, బౌద్ధులది 1978లో పుట్టాయి. నేను వెళ్ళే స్థానిక బృందంలో మతం మార్చుకోమని ఎవరూ అడగలేదు. కుర్చీలు సర్దమని మాత్రం ప్రతిసారీ అడుగుతారు.

ఇందులో మనం తెలుసుకోవాల్సిన మనిషి జేమ్స్ లాసన్ అనే నల్లజాతి అమెరికన్ పాస్టర్. కాలేజీ రోజుల్లోనే చేరాడు. కొరియా యుద్ధమప్పుడు సైన్యంలోకి రానని జైలుకెళ్ళాడు. బయటికొచ్చి, 1953 నుంచి సుమారు మూడేళ్ళు నాగపూర్‌లోని హిస్లాప్ కాలేజీలో పనిచేస్తూ గాంధీ పద్ధతుల్ని దగ్గరనుంచి చదువుకున్నాడు. మాంట్‌గోమరీలో నల్లవాళ్ళు వేరు సీట్ల పద్ధతికి ఎదురుతిరిగి బస్సులెక్కడం మానేసిన వార్త చదివింది నాగపూర్‌లోనే. తిరిగొచ్చాక ఈ సంస్థ తరఫున నాష్‌విల్‌లో విద్యార్థులకు శిక్షణ పెట్టాడు. ఒకరు నల్లవాళ్ళకి వడ్డించని హోటల్ కౌంటర్ ముందు కూర్చున్నట్టు కూర్చుంటే, తోటి విద్యార్థులే తెల్లవాళ్ళ వేషం కట్టి నానా మాటలూ అని, కుర్చీలోంచి లాగి కింద పడేసేవాళ్ళు. తిరిగి చెయ్యెత్తకుండా ఉండడం, దెబ్బలు తింటున్న పక్కవాడికి అడ్డుపడడం వాళ్ళ సాధన. 1960 ఫిబ్రవరిలో నిజం కౌంటర్ల దగ్గర కూర్చున్నప్పుడు అదే అక్కరకొచ్చింది. మనం అక్టోబరు 2న గాంధీ విగ్రహానికి దండ వేసి, ఫొటో దిగి, పులిహోర తిని వస్తాం. పులిహోర మీద నాకేం కోపం లేదు.

సభ్యత్వం అంటే యుద్ధంలో పాల్గొననని, దాని సన్నాహాలకు చేతనైనంతవరకు మద్దతివ్వనని ఒప్పుకోవడం. మన సభ్యుల్లో డిఫెన్స్ కాంట్రాక్టుల మీద కోడ్ రాసేవాళ్ళున్నారు. వాళ్ళ తరఫున సంఘం ఎలా సంతకం పెడుతుంది?

మిగతావాళ్ళకీ ఇది దూరపు సంగతేం కాదు. సిటిజన్‌షిప్‌కి పెట్టే ఎన్-400 ఫారంలో, చట్టం కోరితే అమెరికా తరఫున ఆయుధం పడతారా అన్న ప్రశ్న ఉంటుంది. ఇంటర్వ్యూ టెన్షన్‌లో చాలామంది దాన్ని చదవకుండానే యస్ అనేస్తారు. మత విశ్వాసం వల్లో, మనసులో గట్టిగా పాతుకున్న నైతిక నియమం వల్లో ఆయుధం పట్టలేమన్నవాళ్ళు ప్రమాణంలో ఆ మాట తీసేయమని అడగవచ్చు. ఆయుధం పట్టనన్న గిరువార్డ్ అనే కెనడియన్‌కి పౌరసత్వం ఇవ్వవచ్చని సుప్రీంకోర్టు 1946లోనే చెప్పింది. అలా అడగాలని నేననను. చదివి యస్ అనండి, చదివి నో అనండి.

పిల్లల సంగతి ఇంకా దగ్గరిది. పౌరులైనా గ్రీన్‌కార్డున్నా, 18 నిండిన మగపిల్లల పేరు, అవసరమైతే సైన్యంలోకి పిలవడానికి ప్రభుత్వం ఉంచుకునే సెలెక్టివ్ సర్వీస్ జాబితాలో ఉండాలి. 1973 తర్వాత ఎవర్నీ నిర్బంధంగా సైన్యంలోకి తీసుకోలేదు నిజమే. మళ్ళీ మొదలైతే మాత్రం, యుద్ధం చేయలేనన్న కుర్రాడు స్థానిక బోర్డు ముందు తన నమ్మకం నిజమని చూపించుకోవాలి. “మా ఇంట్లో మాంసం తినం” అంటే సరిపోదు. “మరి గీతలో కృష్ణుడు యుద్ధం చేయమన్నాడుగా?” అని ఎవరో ఒకరు అడగనే అడుగుతారు. గాంధీ ఆ కురుక్షేత్రాన్ని మనిషి లోపలి పోరాటంగా చదువుకున్నాడు. మన బాలవికాస్ తరగతుల్లో శ్లోకాలు కంఠతా వచ్చిన పిల్లలకి ఈ వాదన ఎవరైనా చెప్పారా?

దేవుణ్ణి నమ్మనివాళ్ళు ఏం చేయాలని కూడా అడుగుతున్నారు. విజయవాడ గోరా నాస్తికుడిగానే గాంధీ దగ్గరికి వెళ్ళాడు, నాస్తికుడిగానే తిరిగొచ్చాడు. ఆయన కొడుకు లవణం, కోడలు హేమలత (కవి జాషువా కూతురు) స్టువార్టుపురంలో దొంగల ముద్ర పడిన కుటుంబాల మధ్య ఏళ్ళ తరబడి పనిచేశారు. మతం పేరున్న సంస్థలో చేరబుద్ధి కాకపోతే ఆ దారిలో నడవండి. నన్నడిగితే, మన పిల్లలకి ఈ దంపతుల కథ లాసన్ కథతో పాటే చెప్పాలి.

కార్యవర్గానికి నా మాట ఒకటే. ఆ తీర్మానాన్ని పక్కన పెట్టండి. వచ్చే యూత్ క్యాంపులో కాలేజీ అడ్మిషన్ల సెషన్ తర్వాత ఒక గంట ఇవ్వండి. సెలెక్టివ్ సర్వీస్ గురించి, ఆయుధం పట్టనన్నవాళ్ళకి చట్టం ఇచ్చే వెసులుబాటు గురించి, ఈ సంస్థ గురించి పిల్లలతో మాట్లాడదాం. తల్లిదండ్రులూ కూర్చోవచ్చు. చెప్పడానికి మా బృందం నుంచి ఒకరిద్దర్ని నేను తీసుకొస్తాను.