సవరణ: ఆ అదురు ఫిట్స్ కాదు
మొన్నటి పోస్టులో, ఆపరేషన్‌కు ముందు కండరాలు వదులు కావడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ వల్ల కొందరికి ‘ఫిట్స్ లాంటివి’ వస్తాయని రాశాను. ఆ మాట తప్పు, అనవసరంగా టెన్షన్ పెట్టేది కూడా. ఫిట్స్ మెదడులో పుడతాయి. ఈ అదురు నరం కండరాన్ని కలిసే చోట జరుగుతుంది. ఈ మందు, కండరాన్ని కదిలించడానికి నరం వదిలే రసాయనమైన అసిటైల్‌కోలిన్‌లాగే అక్కడ అతుక్కుని ముందు కండరాన్ని కదిలిస్తుంది, ఆ తర్వాతే వదులు చేస్తుంది. కనురెప్పలు, బుగ్గలు, భుజాలు, పొట్ట చర్మం కింద పురుగులు పాకుతున్నట్టు సన్నగా అదురుతాయి. సాధారణంగా నిమిషంలోపే అణిగిపోతుంది. రోగి అప్పటికే మత్తులో ఉంటారు కాబట్టి తెలియదు.

కండరాలను వదులు చేసే మరో మందు రోకురోనియం కూడా ఇంతే అన్నాను, అదీ పొరపాటే. అది అసిటైల్‌కోలిన్‌కు అడ్డుపడుతుందే తప్ప కండరాన్ని కదిలించదు. సక్సినైల్‌కోలిన్ ఇస్తే మర్నాడు మెడ, భుజాల నొప్పులు రావచ్చన్నది మాత్రం నిజమే. కాకపోతే ఎక్కువ అదిరితే ఎక్కువ నొప్పి అన్న లెక్కేం లేదు.