లైటింగ్ బేరం సెట్ల లెక్కన వద్దు

తిరుపతిలో పండగకైనా, పెళ్లికైనా, గృహప్రవేశానికైనా ఇంటికి లైటింగ్ మాట్లాడుకునే తీరు ఒకటే. "ముందు వైపు ఎన్ని సెట్లు వేస్తావు, రోజుకెంత?" ఒకాయన ఇరవై సెట్లంటే ఇంకొకాయన పాతిక అంటాడు, రేటులో కాస్త తగ్గుతాడు, బేరం కుదిరిపోతుంది. కరెంటు ఎక్కడి నుంచి తీస్తారు, జాయింట్లు ఎక్కడెక్కడ పడతాయి, రాత్రి వాన కొడితే ఎవరొస్తారు అన్న మూడు మాటలు మాత్రం రానే రావు. లైటింగ్ చెడేదీ, ప్రమాదం పొంచి ఉండేదీ ఆ మూడు చోట్లే. బల్బులు ఇప్పుడు చవక. ఖరీదంతా వాటి వెనకున్న వైరుది, దాన్ని సరిగ్గా కట్టే మనిషిది.

ఒక లెక్క చూడండి. 30 అడుగుల ముఖం, పిట్టగోడ దాకా 20 అడుగుల ఎత్తు ఉన్న ఒక అంతస్తు మేడ. అడుగుకొకటి చొప్పున పై నుంచి జాలర్లు, అంటే వేలాడే దీపాల తీగలు, దించితే 30 వరసలు, మొత్తం 600 అడుగులు. 40 అడుగుల ఎల్ఈడీ సెట్లయితే 15 సరిపోతాయి. ఆరంగుళాలకొకటి దించితే 30 సెట్లు కావాలి. ఇల్లు నిండుగా కనిపిస్తుంది కానీ గేటు దగ్గర నిలబడి చూసేవారికి రెండింతల అందమేమీ ఉండదు. 15 సెట్లకు, సెట్టుకు 10 వాట్లు వేసుకున్నా 150 వాట్లే. 750 వాట్ల ఇస్త్రీ పెట్టెలో ఐదో వంతు. సాయంత్రం 6 నుంచి రాత్రి 12 దాకా వెలిగినా రోజుకు ఒక్క యూనిట్ కాలదు. కాబట్టి "లోడు ఎక్కువైపోతుంది సార్" అని పెద్ద వైరు ఖర్చు చూపించేవారినీ, "ఎల్ఈడీ కదా, ఏం కాదు" అని చేతిలో దొరికిన వైరుతో లాగించేవారినీ ఒకేలా అనుమానించాలి.

"ఎల్ఈడీ కదా, ఏం కాదు" అన్న ఆ మాట మరీ ప్రమాదం. బల్బు చిన్నది, వైరు సన్నం, కాబట్టి షాక్ కొట్టదని చాలామంది నమ్మకం. అంగట్లో దొరికే మామూలు సీరియల్ సెట్టులో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. పిన్ను దగ్గరుండే ఆ చిన్న డబ్బాలో నాలుగు డయోడ్లు, ఒక రెసిస్టరు, మినుకుమినుకుమనిపించే ఒక సర్క్యూటు, అంతే. ఎల్ఈడీలను వరసగా కలిపి 230 వోల్టులను పంచుకునేలా చేస్తారు. ఏ ఒక్క బల్బు దగ్గర తొడుగు చిట్లినా, అక్కడ తాకిన చేతికి తగిలేది గోడలో ప్లగ్గుకు వచ్చే కరెంటే. పైగా రెండు పిన్నులే, ఎర్తు లేదు.

మెయిన్ బోర్డులో ఎంసీబీ, అంటే లోడు మించితే దానంతటదే పడిపోయే స్విచ్, ఉంది కదా అంటారు. ఎంసీబీ కాపాడేది వైరును, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ పడిపోవాలంటే 16 ఆంపియర్లు దాటాలి. మనిషి గుండెను ఆపడానికి అందులో వందో వంతు చాలు. అంత చిన్న లీకేజీని పట్టుకుని లైను తెంచే స్విచ్ ఆర్‌సీసీబీ ఒక్కటే, అదీ 30 మిల్లీ ఆంపియర్లది. బోర్డులో 100 లేదా 300 మిల్లీ ఆంపియర్లది ఉంటే అది మంటల నుంచి రక్షణకు, షాక్ నుంచి కాదు. పైన ముద్రించిన అంకె చదివితే తెలిసిపోతుంది.

అందుకే బేరం సెట్ల లెక్కన కాక, కరెంటిచ్చే చోట్ల లెక్కన ఆడాలి. ముందు వైపుకు ఒక లైను, పక్క వైపుకూ మేడ మీదికీ కలిపి ఇంకొకటి. దేనికదే విడిగా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, దాంతోపాటు 6 ఆంపియర్ల ఎంసీబీ ఉన్న బోర్డు. పక్క వైపు నీళ్లు దిగి ట్రిప్ అయినా ముందు వైపు వెలుగుతూనే ఉంటుంది, ఇంట్లో ఫ్రిజ్ ఆగదు. ఇలాంటి బోర్డు తెచ్చే లైటింగ్ మనిషి ఐదు సెట్లు తక్కువ వేసినా అతనికే పని ఇవ్వండి. పాత ఇళ్లలో ఒక చిక్కుంది. ఒక గది ఫేజుకు పక్క గది న్యూట్రల్ కలిపి ఉంటే, మెయిన్ బోర్డులో ఆ గది లైనుకు ఆర్‌సీసీబీ పెట్టగానే పడిపోతుంది. అప్పుడు కుర్రవాళ్లు చేసేది దాన్ని తీసి పక్కన పెట్టి వైరు నేరుగా కలపడం. వేరే సాకెట్టు వెతకమనాలి, లేదా మీటరు పక్క బోర్డు నుంచి కొత్త లైను లాగమనాలి. బైపాస్‌కు మాత్రం ఒప్పుకోకూడదు. అలాగే ఇన్వర్టరు సాకెట్టులో లైటింగ్ గుచ్చకూడదు. కరెంటు పోయిన పూట ఫ్యాన్ల కోసం దాచిన బ్యాటరీని ఊరికే తినేస్తుంది.

మన ఊరికి ఈ జాగ్రత్తలు మరీ ఎందుకంటే, ఇక్కడ పండగల వరసా వానల వరసా ఒకదాని మీద ఒకటి పడతాయి. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. దీపావళి, కార్తీక మాసం, తిరుచానూరు అమ్మవారి కార్తీక బ్రహ్మోత్సవాలు, క్రిస్మస్ అన్నీ ఆ మూడు నెలల్లోనివే, వైకుంఠ ఏకాదశి కూడా దాని అంచునే వస్తుంది. హైదరాబాదులో దీపావళికి ఆకాశం తేటపడుతుంది, తిరుపతిలో అప్పుడే బంగాళాఖాతం వైపు చూస్తూ కూర్చోవాలి. 2021 నవంబరులో ఊళ్లో కాలనీలు ఎలా మునిగాయో చూసినవాళ్లు కింది అంతస్తు పార్కింగ్‌లో, నేల మీద పెట్టిన ఎక్స్‌టెన్షన్ బాక్సు నుంచి లైటింగ్‌కు కరెంటు తీయనివ్వరు. పై అంతస్తు లోపలి సాకెట్టు నుంచి, కిటికీ గుండా తీయాలి. వైరు లోపలికి వచ్చే చోట ఒక వంపు కిందికి దించి, ఆపైన పైకి తిప్పాలి. నీటి చుక్కలు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి, ప్లగ్గు దాకా పాకవు. నిమిషం పని. చేయనివాళ్లే ఎక్కువ.

తడవని సెట్లు అని చెప్పి అద్దెకిచ్చేవాటి మీద ఐపీ అంకె, అంటే నీళ్లను ఎంతవరకు ఆపుతుందో చెప్పే గుర్తు, చూడండి. ఐపీ20 అంటే లోపలి వాడకానికే. ఐపీ44 జల్లులు ఆపుతుంది, ఐపీ65 పైపుతో కొట్టిన నీళ్లనూ ఆపుతుంది. అయితే ఆ అంకె బల్బు తీగకే వర్తిస్తుంది. డబ్బాకు, ప్లగ్గుకు, నడుమ చేతితో ముడేసిన జాయింటుకు అది చెల్లదు. నీళ్లు దిగేది కూడా అక్కడే. రెండు వైర్లు మెలిపెట్టి, మీద నల్ల టేపు నాలుగు చుట్లు చుట్టి మేడ నేల మీద వదిలేస్తే, ఒక్క వానకు ఆ టేపు జిగురు వదులుతుంది. ఇక ఎక్స్‌టెన్షన్ బాక్సును ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టేయడం మన దగ్గర పాత అలవాటు. లోపలి తేమ బయటికి పోక, దిగిన నీరు కారక, సంచి చిన్న చెరువవుతుంది. జాయింటు ఎప్పుడూ మూతున్న బాక్సులో, గోడకు వేలాడుతూ, వైరు రంధ్రాలు కిందికి చూస్తూ ఉండాలి.

కట్టడంలో ఇంకో తప్పు బైండింగ్ వైరు. తిరుపతి మేడల్లో సగం పిట్టగోడల మీద, రేపటి పై అంతస్తు కోసం వదిలేసిన ఇనుప ఊచలు నిలబడి ఉంటాయి. వాటికీ, బాల్కనీ గ్రిల్లుకూ సీరియల్ వైరును సన్నని ఇనుప తీగతో బిగించి కడతారు. గాలికి ఊగి ఊగి ఆ తీగ తొడుగును కోస్తుంది. అప్పుడు గ్రిల్లంతా ఫేజే, బట్టలు ఆరేసేవారికి తెలియదు. ప్లాస్టిక్ ట్యాగులు, క్లిప్పులు వాడమని ముందే చెప్పాలి, లేదా నైలాన్ తాడు లాగి దానికి సెట్లు వేలాడదీయాలి. అలిపిరి వైపు, కొండ కింది కాలనీల్లో ఉండేవారికి అదనంగా కోతుల బెడద. వాటికి జాలరు అంటే ఉయ్యాల. అక్కడ వదులుగా దించే కర్టెన్ లైట్ల కంటే గోడకు అతికే రోప్ లైటు నయం.

ఇంటి అంచులకు రంగుల స్ట్రిప్ లైటు వేయించుకునేవారికి వేరే లెక్క. మీటరుకు 60 ఎల్ఈడీలుండే 12 వోల్టుల 5050 రకం స్ట్రిప్ మీటరుకు 14.4 వాట్లు లాగుతుంది. 5 మీటర్ల చుట్టకు 72 వాట్లు, అంటే 6 ఆంపియర్లు. 30 అడుగుల పిట్టగోడకు రెండు చుట్టలు, 144 వాట్లు. దీనికి 150 వాట్ల సప్లై (ఇంటి కరెంటును 12 వోల్టులకు మార్చే డబ్బా) పెడితే రాత్రంతా నిండు బరువు మోసి, పండగ నడుమ కాలిపోతుంది. 12 వోల్టులు, 15 ఆంపియర్ల 180 వాట్లది పెడితే 80 శాతం మీద నడుస్తుంది. సప్లైని కింద హాల్లో పెట్టి, అక్కడి నుంచి 1 చదరపు మిల్లీమీటరు వైరు 10 మీటర్లు లాగితే, ఒక్క చుట్టకే దారిలో 2 వోల్టులకు పైగా పోతాయి. తెలుపు వేస్తే ఎర్రగా కనిపించడం దీని గుర్తు. నీలం, ఆకుపచ్చ ఎల్ఈడీలకు ఎక్కువ వోల్టేజి కావాలి, అవే ముందు మసకబారతాయి. స్ట్రిప్ నాసిరకం అని నింద మోపే ముందు సప్లైని దాని పక్కకు, వాన తగలని సన్‌షేడ్ కిందికి జరిపి చూడాలి. రెండు చుట్టలనూ ఒకదాని తోకకు ఇంకొకటి కలపకుండా విడివిడిగా కరెంటివ్వాలి. దేవుడి బొమ్మలు, గోపురాలు కదిలే పిక్సెల్ బోర్డుల్లో ఒక్క పిక్సెల్ పోతే దాని వెనకవన్నీ ఆగిపోతాయి. సంకేతం ఒకదాని గుండా ఇంకొకదానికి వెళ్తుంది కనుక. పది విడి పిక్సెళ్లు, అతికే మనిషి లేని బోర్డు అద్దెకు తీసుకోవద్దు.

వీధికి అడ్డంగా తోరణం కట్టించాలనుకుంటే లైటింగ్ మనిషితో కాదు, ముందు విద్యుత్ శాఖతో మాట్లాడాలి. విద్యుత్ పంపిణీ సంస్థ ఎస్పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం మన ఊళ్లోనే ఉంది, అయినా గంగమ్మ జాతరకో వినాయక చవితికో స్తంభానికి నేరుగా కొక్కెం తగిలించే వీధులున్నాయి. అది 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద దొంగతనం. పందిళ్లకు తాత్కాలిక కనెక్షన్ ఇస్తారు, అడగాలి. 11 కేవీ (11 వేల వోల్టుల) లైను ఇంటికి పక్కగా 1.2 మీటర్లలోపు, మేడకు పైన 3.7 మీటర్లలోపు ఉండకూడదని నిబంధన. కానీ ఇరుకు వీధుల్లో చేయి చాస్తే అందేంత దగ్గర లైన్లు కనిపిస్తూనే ఉంటాయి. అలాంటి ఇంటికి అల్యూమినియం నిచ్చెనతో వచ్చిన కుర్రాడిని ఎక్కనివ్వకండి. విద్యుత్ శాఖ ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసి లైన్‌మన్ వచ్చేదాకా ఆ వైపు పని ఆపండి.

తడ, సూళ్లూరుపేట వంటి పులికాట్ అంచు ఊళ్లవారు ఇంకొకటి కలుపుకోవాలి. ఉప్పుగాలికి రాగి పచ్చబడి, ఇత్తడి పిన్నులు చిలుము పడతాయి. చిలుమున్న చోట నిరోధం పెరిగి ప్లగ్గు వేడెక్కుతుంది. నిరుటి సెట్లు తెస్తే పిన్నులు చూసి, గరుకుగా పచ్చగా ఉన్నవి వెనక్కి పంపాలి.

మంచివాళ్లు దొరకాలంటే ముందే మాట్లాడుకోవాలి. దసరా నవరాత్రులంటే తిరుమలలో బ్రహ్మోత్సవాలు, కింద వీధివీధినా పందిళ్లు. ఆ పది రోజుల్లో ఎవరు దొరికితే వారే అవుతారు. నెల ముందు అడ్వాన్సు ఇచ్చి, కాగితం మీద నాలుగు ముక్కలు రాయించుకోండి. ఎన్ని లైన్లు, ఎన్ని ఆర్‌సీసీబీ బోర్డులు, ఆరిపోయిందని ఫోన్ చేస్తే ఎన్ని గంటల్లో వస్తారు, విప్పేది ఏ రోజు. సెట్టు పెట్టె మీద భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే ఎనిమిది అంకెల నంబరు ఉందేమో చూడండి. అద్దె సెట్లకు పెట్టె ఉండదు, అప్పుడు రెండు సెట్లు విప్పించి తొడుగు చిట్లిందేమో వేళ్లతో తడిమి చూడొచ్చు, ప్లగ్గు తీసేసే సుమా.

కట్టడం పూర్తయ్యాక స్విచ్ వేసి చూపించగానే డబ్బులిచ్చేయకండి. కరెంటు ఆపించి, తోట పైపుతో ముఖమంతా పదిహేను నిమిషాలు తడపమనండి. ఎవరూ గ్రిల్లు, వైర్లు ముట్టుకోకుండా దూరంగా నిలబడ్డాక ఆర్‌సీసీబీ ఎత్తమనండి, తర్వాత దాని మీది టెస్ట్ బటన్ నొక్కమనండి. ఎత్తగానే పడిపోతే ప్లగ్గులన్నీ తీసి, ఒక్కొక్క సెట్టే కలుపుతూ పోతే దొంగ దొరుకుతుంది. టెస్ట్ బటన్‌కు పడకపోతే ఆ బోర్డునే మార్చాలి. మూడో వంతు డబ్బు విప్పే రోజుకు ఆపుకోండి. లేకపోతే సంక్రాంతి దాటినా సెట్లు గోడకే వేలాడుతూ ఎండకు పెళుసెక్కుతాయి, అవే మళ్లీ ఉగాదికి ఇంకో ఇంటికి వెళ్తాయి. విప్పాక గోడలో కొట్టిన మేకుల రంధ్రాలకు తెల్ల సిమెంటు పెట్టించే పని కూడా ఆ కాగితంలోనే రాసుకోవచ్చు.