మెనూలో పేరు వేరు, కమాండ్ వేరు

లినక్స్‌లో అప్లికేషన్లను టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే విండో) నుంచి తెరవడం గురించిన మీ వ్యాసంలో, మెనూలో కనిపించే పేరునే ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టమని రాశారు. ఫైర్‌ఫాక్స్‌కి అది సరిపోతుంది కానీ, కొత్తవాళ్లు ఆగిపోయేది సరిగ్గా అక్కడే. గ్నోమ్ అనే లినక్స్ డెస్క్‌టాప్‌లో 'ఫైల్స్' కమాండ్ నాటిలస్. 'డిస్క్ యూసేజ్ అనలైజర్'దేమో బావోబాబ్! ఎంత ఆలోచించినా తట్టే పేర్లు కావివి.

అసలు కమాండ్ /యూఎస్ఆర్/షేర్/అప్లికేషన్స్ ఫోల్డర్‌లో దొరుకుతుంది. అప్లికేషన్‌కి ఒకటి చొప్పున .డెస్క్‌టాప్ అని ముగిసే ఫైళ్లుంటాయి. కావలసినదాన్ని టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి 'ఎగ్జెక్=' లైను చూడండి. లిబ్రాఆఫీస్ రైటర్‌కి 'లిబ్రాఆఫీస్ --రైటర్ %యు' అని ఉంటుంది. చివరి %యు వదిలేసి మిగతాది కొట్టాలి. మీరు ఏదైనా ఫైలు మీద నొక్కినప్పుడు దాని చిరునామా వచ్చి కూర్చునే చోటు అది, అంతే. ఎగ్జెక్ లైన్లు రెండు మూడు కనిపిస్తే మొదటిదే మీది. మిగతావి ఐకాన్ మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే 'కొత్త విండో' లాంటి వాటివి.

అప్లికేషన్లు వేసుకునే మరో పద్ధతైన ఫ్లాట్‌పాక్‌తో వేసుకున్నవి ఈ ఫోల్డర్‌లో ఉండవు. 'ఫ్లాట్‌పాక్ లిస్ట్ --యాప్' కొట్టి, అందులో చూపించే ఐడీని 'ఫ్లాట్‌పాక్ రన్' పక్కన పెట్టండి. వీఎల్‌సీ ఐడీ 'ఓఆర్‌జీ.వీడియోలాన్.వీఎల్‌సీ'. చివరి మూడూ పెద్ద అక్షరాలే ఉండాలి, చిన్నవి కొడితే తెరుచుకోదు. ఈ ముక్క వ్యాసంలో తప్పకుండా చేర్చండి.