ర్యాలీ ముగిశాక ఆ కుటుంబం ఎక్కడికి వెళ్లాలి?

అక్టోబర్ 10 వచ్చిందంటే మానసిక ఆరోగ్యానికి గిరాకీ పెరుగుతుంది. ప్రపంచ మానసిక ఆరోగ్య సమాఖ్య 1992లో మొదలుపెట్టిన ఈ దినోత్సవం పేరిట ర్యాలీలు, సదస్సులు, పోస్టర్ల పోటీలు జరుగుతాయి. వక్తలు దాచుకోవద్దంటారు, సిగ్గుపడవద్దంటారు, వైద్యుణ్ని కలవమంటారు. మంచి మాటలే. కాకపోతే అవన్నీ జబ్బు ఇంకా గడప తొక్కని ఇళ్లకు పనికొచ్చేవి. లేనివి ఉన్నట్టు అనిపించే, అనుమానాలు పీడించే స్కిజోఫ్రినియా అనే మానసిక జబ్బు ఉన్న కొడుకును ఏళ్లుగా సాకుతున్న తల్లి వెనక వరుసలో కూర్చుని వింటే ఆమెకు అక్కడ దొరికేది శూన్యం. వైద్యుణ్ని ఆమె ఎప్పుడో కలిసింది. ఆమె ప్రశ్నలు వేరు. మాత్ర నాలుక కింద దాచి ఉమ్మేస్తున్నాడు, ఏం చేయాలి? పక్కింటివాళ్లు తన మీద కుట్ర పన్నుతున్నారంటాడు. అవునంటే ఒక తంటా, కాదంటే మరో తంటా, ఏమనాలి? నేను పోయాక వీణ్ని ఎవరు చూస్తారు?

ఇవి మైకు పట్టుకుని అడిగే ప్రశ్నలు కావు. నెలనెలా కలుసుకునే ఏడెనిమిది కుటుంబాల మధ్య అయితే అడగగలరు. అలాంటి బృందాలు ఉన్నచోట ఒకరిద్దరు స్వచ్ఛంద కార్యకర్తల ఓపిక మీద నడుస్తుంటాయి. వాళ్లు అలసిపోతే మూతపడతాయి. డబ్బు, కెమెరాలు, అతిథులు మాత్రం ఏడాదికోసారి జరిగే సభ చుట్టూ తిరుగుతాయి. నా అభ్యంతరం సభ మీద కాదు, ఈ కేటాయింపు మీద.

మానసిక వైద్యంలోకి కుటుంబం మొదట ముద్దాయిగా ప్రవేశించిందన్న సంగతి ఇక్కడ గుర్తుచేసుకోవాలి. 1948లో ఫ్రీడా ఫ్రామ్-రైక్‌మన్ అనే మనోవిశ్లేషకురాలు, స్కిజోఫ్రినియాకు తల్లి తీరే కారణమనే అర్థం వచ్చే మాట ఒకటి ప్రచారంలోకి తెచ్చారు. తర్వాత కొన్ని దశాబ్దాల పాటు ఎందరో తల్లులు ఆ నింద మోశారు. అది తప్పని తేలడానికి చాలాకాలం పట్టింది. అమెరికాలోని మాడిసన్ నగరంలో 1979లో రోగుల కుటుంబ సభ్యులే కలిసి 'నామి' అనే జాతీయ సంస్థను స్థాపించారంటే, దాని వెనక సానుభూతి ఎంత ఉందో ఆగ్రహమూ అంతే ఉంది. అంతకు చాలా ముందే, 1950ల్లో, అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ దీనికి పూర్తి భిన్నమైన పని చేశారు. ఆవరణలో గుడారాలు వేయించి రోగి పక్కనే అతని వాళ్లనూ ఉంచారు. దోషులుగా చూస్తున్న వాళ్లను వైద్యంలో భాగస్వాములను చేసుకున్నారు.

రెండో చిక్కు పరిశోధన వైపు నుంచి వచ్చింది. ఆస్పత్రి నుంచి ఇంటికి వెళ్లిన రోగుల్లో ఎవరికి జబ్బు తిరగబెడుతోందని లండన్‌లో సామాజిక శాస్త్రవేత్త జార్జ్ బ్రౌన్, ఆయన సహచరులు 1950ల చివరి నుంచి గమనించారు. విమర్శ, వైరం, లేదా ఊపిరాడనివ్వని అతిశ్రద్ధ ఉన్న ఇళ్లకు వెళ్లినవారిలో అది ఎక్కువని తేలింది. తర్వాతి అధ్యయనాలూ దీన్ని పదేపదే బలపరిచాయి. జబ్బు ఇంటివల్ల పుట్టిందని బ్రౌన్ అనలేదు. అయినా వైద్యుడు బల్ల అవతలి నుంచి "మీరు విమర్శించడం తగ్గించుకోవాలి" అంటే, నిద్రలేని తండ్రి చెవికి అది పాత నిందలాగే వినిపిస్తుంది. అదే మాట మరో తండ్రి నోట వస్తే సంగతి వేరు. "మావాడు పగలంతా పడుకుంటే సోమరి అని రోజూ తిట్టేవాణ్ని. లేచి ఏ పనీ చేయాలనిపించకపోవడం కూడా జబ్బు లక్షణమేననీ, మందులు దానిమీద అంతగా పనిచేయవనీ నాకెవరూ చెప్పలేదు" అని అతను అంటాడు. విన్న తండ్రి ఇంటికి వెళ్లి ఆ రోజుకు తిట్టడు. ఈ పని పుస్తకాలతో కాదు, కరపత్రాలతో అంతకన్నా కాదు.

ఇది కేవలం నా నమ్మకం కాదు. 1995లో అమెరికా మానసిక వైద్యుడు విలియం మెక్‌ఫార్లేన్ బృందం కుటుంబాలకు నేర్పే రెండు పద్ధతులను పోల్చింది. ఒకే విషయాన్ని కుటుంబానికి విడిగా నేర్పినప్పటికంటే, అనేక కుటుంబాలను కలిపి కూర్చోబెట్టి నేర్పినప్పుడు, రెండేళ్లలో జబ్బు తిరగబెట్టిన రోగులు తక్కువ. శిక్షణ పొందిన కుటుంబ సభ్యులే బోధించే నామి తరగతుల మీద 2011లో వచ్చిన అధ్యయనం మరింత నిజాయితీగా ఉంది. అందులో పాల్గొన్నవారికి అవగాహన, పరిస్థితిని ఎదుర్కోగలమన్న ధైర్యం పెరిగాయి. మనోవేదన తగ్గిన సూచనలూ కనిపించాయి. తమ మీద పడ్డ భారం గురించిన భావనలో మాత్రం తేడా రాలేదు. బృందం మీద మోయలేని ఆశలు పెట్టేవారు ఈ చివరి వాక్యం రెండుసార్లు చదవాలి.

పైగా బృందాలన్నీ బాగా నడవవు. ఒక్కరే గంటసేపు మాట్లాడేవి ఉంటాయి. ఎదురుగా లేని మనిషిమీద ఫిర్యాదుల పుట్టగా మారేవి ఉంటాయి. రోగికీ గౌరవం ఉందని, అతని సంగతులు గది దాటకూడదని మొదటిరోజే గట్టిగా చెప్పేవాళ్లు కావాలి. వైద్యుడు అధ్యక్షత వహిస్తే అది మరో ఓపీగా మారి, అందరూ మాత్రల మోతాదులు అడుగుతారు. నిన్నగాక మొన్న రోగనిర్ధారణ అయిన ఇంటివాళ్లను ఇరవై ఏళ్ల అనుభవమున్నవాళ్ల మధ్య నేరుగా కూర్చోబెడితే వాళ్లు హడలిపోయి మళ్లీ రారు. తోబుట్టువుల గురించి ఎవరూ ఆలోచించరు. రేపు బాధ్యత ఎక్కువగా పడేది వాళ్లమీదే. తల్లి సమావేశానికి వస్తే ఆ రెండు గంటలు ఇంట్లో ఎవరుంటారన్న ప్రశ్నకు జవాబు లేకే చాలామంది గడప దాటరు. దానికి ఒక మనిషిని ఏర్పాటు చేయడానికి అయ్యే ఖర్చు, సభకు కట్టే ఫ్లెక్సీల ఖర్చులో ఎన్నోవంతు?

సభలు జరగనివ్వండి, కాస్త తీరు మార్చి. జబ్బు పట్ల వివక్షను తగ్గించడంలో, పెద్దవాళ్ల విషయంలో, ఉపన్యాసం కంటే ఆ జబ్బుతో జీవిస్తున్న మనిషితో ముఖాముఖి పరిచయమే బలంగా పనిచేస్తుందని అమెరికా మనస్తత్వవేత్త పాట్రిక్ కోరిగన్ బృందం 2012లో అనేక అధ్యయనాలను క్రోడీకరించి చూపింది. వేదిక మీద ఒక ముఖ్య అతిథిని తగ్గించి ఆ కుర్చీ అలాంటి మనిషికి ఇవ్వవచ్చు. బయటికి వెళ్లే దారిలో స్థానిక కుటుంబ బృందం వాళ్లు ఒక బల్ల వేసుకుని కూర్చుని, వచ్చే సమావేశం తేదీ, చోటు రాసిన చీటీ చేతికివ్వాలి. నిర్వాహకులు దాతలకు పంపే నివేదికలో ఎంతమంది నడిచారన్న అంకె పక్కన మరో రెండు ఉండాలి: మరుసటి నెల బృందానికి కొత్తగా వచ్చిన కుటుంబాలెన్ని, వాటిలో మూడో నెలకూ వస్తున్నవెన్ని.