భూవైజ్ఞానిక కాలపట్టిక గారి సముఖమునకు

భూమి చరిత్రను కాలఖండాల గడులుగా పంచిన మహారాజశ్రీ భూవైజ్ఞానిక కాలపట్టిక గారికి, తమ లెక్కలో ఈనాటి కాలమైన హోలోసీన్ ఇపాక్, మేఘాలయన్ ఏజ్ నివాసి అయిన ఒక సామాన్య పాఠకుడు నమస్కరించి వ్రాసుకొను విన్నపము.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గానీ, మీ విషయంలో ఆ మాట రాయడానికి చేయి రావడం లేదు. మీ గడుల్లో పేరున్నవి కొన్ని, జీవజాతులు మూకుమ్మడిగా అంతరించినచోటనే ముగుస్తాయి. పెర్మియన్ ముగిసేసరికి సముద్రజీవుల్లో అత్యధిక జాతులు మిగల్లేదు; క్రిటేషియస్ ముగిసేసరికి డైనోసార్ల వంశంలో పక్షులు తప్ప ఎవరూ మిగల్లేదు. మీరు మాత్రం అక్కడ ఒక సన్నని గీత గీసి, పక్కన ఒక సంఖ్య వేసి, గీతకు కింద ఒక రంగు, పైన మరొక రంగు పూసి ఊరుకున్నారు. ఇంత పెద్ద మరణవార్తను ఇంత తక్కువ సిరాతో నమోదు చేసిన గుమాస్తా మరొకరు ఉండరు.

మీరు రాయి చెప్పినదే రాసుకుంటారని, అందులో మనిషి ప్రమేయం ఏమీ ఉండదని బడిపుస్తకాలు మమ్మల్ని నమ్మించాయి. మీ గడుల పేర్లు చదవడం మొదలుపెట్టగానే ఆ నమ్మకం సడలుతుంది. భూగోళం మొత్తానికి చెందిన కాలఖండాల్లో ఒకదానికి బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతపు లాటిన్ పేరైన కేంబ్రియా, రెండింటికి అక్కడి పాత తెగలైన ఓర్డోవికుల, సైలూరుల పేర్లు, మరొకదానికి ఇంగ్లండ్‌లోని డెవన్ పేరు, ఇంకొకదానికి రష్యాలోని పెర్మ్ పేరు పెట్టుకున్నారు. 48 కోట్ల ఏళ్ల కిందట ఏ సముద్రపు అడుగున ఏ బురద పేరుకున్నా అది వేల్స్ తెగవారి ఖాతాలోనే జమ అవుతుంది. పేరు పెట్టే హక్కు ముందుగా సుత్తి పట్టుకుని బయలుదేరినవారిదే కాబట్టి దీనిమీద ఫిర్యాదు చేయను. రాయి తన పేరు తానే చెప్పుకుందన్నట్టు మీరు కనిపిస్తున్నారే, అదొక్కటే నా అభ్యంతరం.

ఆ పేర్ల వెనక జరిగిన తగవు కూడా మీ గడుల్లో ఎక్కడా కనిపించదు. ఆడమ్ సెడ్జ్‌విక్, రోడరిక్ మర్చిసన్ అనే ఇద్దరు మిత్రులు 1835లో కేంబ్రియన్, సైలూరియన్ పేర్లను కలిసి ప్రకటించారు. తరువాత ఒకే పొరలను ఒకరు తన కేంబ్రియన్ పైభాగమని, మరొకరు తన సైలూరియన్ కిందిభాగమని పట్టుబట్టారు. స్నేహం చెడింది, తగవు మాత్రం తెగలేదు. మర్చిసన్ 1871లో, సెడ్జ్‌విక్ 1873లో కన్నుమూశారు. 1879లో చార్లెస్ లాప్‌వర్త్ అనే మూడో శాస్త్రవేత్త వచ్చి, సరిహద్దు తగాదాలో నలిగిన పొలాన్ని ఇద్దరికీ దక్కకుండా మరొకరి పేర రాయించినట్టు, ఆ పొరలను విడదీసి ఓర్డోవిషియన్ అన్నాడు. దానికి అంతర్జాతీయ ఆమోదం దొరికింది 1960లో. కోట్ల సంవత్సరాలు లెక్కపెట్టేవారికి ఎనిమిది దశాబ్దాలు ఏపాటివి అని మీరు అనవచ్చు, నిజమే.

ఇంకొక విషయం. ఈ గడులకు పేర్లు, వరుస కుదిరిన చాలాకాలం వరకు వాటిలో ఏది ఎన్నేళ్ల నాటిదో ఎవరికీ తెలియదు. భౌతికశాస్త్రవేత్త లార్డ్ కెల్విన్ 1862లో భూమి చల్లబడే వేగాన్ని లెక్కగట్టి దాని వయసు 2 కోట్ల నుంచి 40 కోట్ల ఏళ్ల మధ్య ఉంటుందన్నాడు. 1897 నాటికి దాన్ని 2 నుంచి 4 కోట్లకు కుదించాడు. లెక్క కచ్చితమయ్యేకొద్దీ నిజానికి దూరమైన ఘనమైన ఉదాహరణ ఇది. చివరికి 1956లో క్లెయిర్ ప్యాటర్సన్ ఉల్కల్లోని సీసపు ఐసోటోపులను, అంటే ఒకే మూలకపు వేర్వేరు బరువుల పరమాణువులను, కొలిచి, భూమి వయసు 455 కోట్ల ఏళ్లని తేల్చాడు. ఆ కొలతకు ఆయనకు అడ్డుపడింది ఉల్క కాదు, ప్రయోగశాల గాలి. ఎక్కడ చూసినా ఎక్కడిదో సీసం వచ్చి నమూనాలో చేరిపోతుండేది. దాన్ని తుడిచి తుడిచి, అది ఎక్కడి నుంచి వస్తున్నదా అని వెదికినవాడు పెట్రోలులో కలిపే సీసం దగ్గర తేలాడు, ఆ తరువాత ఏళ్ల తరబడి దానిమీద పోరాడాడు. భూమి పుట్టినరోజు తెలుసుకోవాలంటే ముందు మనిషి వేలిముద్ర తుడవవలసి వచ్చిందన్నమాట. ఈ సంగతిని మళ్లీ ఎత్తుతాను, గుర్తుంచుకోండి.

మీ కిందిభాగం, అంటే అతిపాత కాలాల సంగతి కొంచెం చెప్పుకోవాలి. భూచరిత్రలో దాదాపు 88 శాతం కేంబ్రియన్‌కు ముందే గడిచిపోయింది. గోడకు వేలాడే పటంలో మాత్రం ఆ 88 శాతానికి ఒక ఇరుకైన పక్క నిలువు వరుస ఇచ్చి, మిగతా జాగా అంతా గుల్లలూ ఎముకలూ దొరికిన కాలానికి పంచిపెట్టారు. అక్కడి సరిహద్దులు చాలావరకు రాతిలో గుర్తించినవి కూడా కావు; 250 కోట్లు, 160 కోట్లు, 100 కోట్లు అని గుండ్రటి అంకెలు వేసి గీతలు గీశారు. శిలాజం లేకపోతే సాక్ష్యం లేదని, సాక్ష్యం లేనిచోట అంకె చాలునని మీరు అనుకున్నట్టున్నారు. 2004లో కేంబ్రియన్‌కు ముందున్న ఎడియాకరన్‌ గడిని ఆస్ట్రేలియాలోని ఫ్లిండర్స్ పర్వతాల్లో ఒక వాగు ఒడ్డున రాతికే కట్టిపెట్టారు కాబట్టి, మీకు దిద్దుకునే గుణం లేదని అనలేను.

ఇక మీ ప్రతిష్ఠకు మూలమైన బంగారు మేకు దగ్గరికి వద్దాం. పేరుకు అది బంగారు మేకు; పోయి చూసినవారికి సాధారణంగా కనిపించేది రాతికి బిగించిన ఒక లోహపు బిళ్ళ. ఒక కాలం ఎక్కడ మొదలవుతుందో ప్రపంచం మొత్తం మీద ఒకే ఒక రాతి వరుసలో, ఒకే ఒక బిందువు దగ్గర నిర్ణయించడం దాని పని. మొదటిది 1972లో అప్పటి చెకోస్లొవేకియాలోని క్లోంక్ అనే చోట, సైలూరియన్‌కూ డెవోనియన్‌కూ నడుమ దిగింది. ఇప్పుడు మేకు దిగాలంటే ఉపసంఘం, కమిషన్, అంతర్జాతీయ సమాఖ్య అనే మూడు మెట్లు ఎక్కాలి; మొదటి రెండు మెట్ల మీద ఓటింగులో అరవై శాతం మద్దతు, చివరి మెట్టు మీద ఆమోదం కావాలి. రాయి గట్టిగానే ఉంటుంది, దానిమీది నిర్ణయం మాత్రం మెజారిటీతో నిలబడుతుంది.

ఈ మేకుల్లో నాకు అన్నిటికంటే ప్రియమైనది కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో, ఫార్చ్యూన్ హెడ్ అనే సముద్రపు కొమ్ము మీద 1992లో ఖరారైనది. జంతుచరిత్రలో అంతటి ఘనమైన కేంబ్రియన్ అక్కడ మొదలవుతుంది. దానికి ఆధారం ఏ మహాజంతువు అస్థిపంజరమో కాదు, పురుగులాంటి ఏదో జీవి సముద్రపు బురదలో తొలుచుకున్న బొరియ. ఆ బొరియకు ట్రెప్టిక్నస్ పెడమ్ అని పేరు. అది తొలిచిన జీవి శరీరం అక్కడ లేదు. కేంబ్రియన్ అంటే ఆ బొరియ తొలిసారి కనిపించే చోటు అని మీరు తీర్మానించారు. కొన్నేళ్లకు శాస్త్రవేత్తలు అదే కొండచరియను మళ్లీ పరిశీలించగా, మేకు బిందువుకు నాలుగు మీటర్లకు పైగా దిగువనే అలాంటి బొరియలు బయటపడ్డాయి. పాపం ఆ పురుగు తీర్మానం చదువుకోలేదు. మీరు చలించలేదు. మేకు ఎక్కడుంటే కాలం అక్కడే మొదలవుతుందని, బొరియ వచ్చి తన పాత్ర ముగించుకుని వెళ్లిపోయిన సాక్షి మాత్రమేనని సెలవిచ్చారు. నవ్వు వచ్చినా, ఈ ఒక్క విషయంలో మీతో ఏకీభవిస్తాను: కొత్త శిలాజం దొరికినప్పుడల్లా గీత కదిలితే ప్రపంచంలోని భూవిజ్ఞానులు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేరు.

పెర్మియన్‌కూ ట్రయాసిక్‌కూ మధ్య చైనాలోని మెయిషాన్ క్వారీలో 2001లో మేకు దింపినప్పుడు కూడా మీరు సాక్షిగా పిలిచింది కోనోడాంట్ అనే జీవి పళ్ల లాంటి సూక్ష్మ శిలాజాలనే. ఈ పళ్లను 1856లోనే వర్ణించారు. పళ్ల యజమాని ఎవరో, చేపనా పురుగా అన్నది మాత్రం 1983లో స్కాట్లండ్‌లో మెత్తని శరీరపు ముద్ర ఒకటి వెలుగుచూసేదాకా తెలియలేదు. నూటపాతికేళ్లకు పైగా యజమాని ఎవరో తేలకుండా ఉండిపోయిన పళ్లతో మీరు రాళ్ల వయసు వరుసలు నిర్ణయించారు, అవి సరిపోయాయి కూడా. మీ మీద నాకున్న గౌరవంలో సగం ఈ పళ్ల వల్లనే వచ్చింది.

మిగతా సగాన్ని, ఇటీవలి మంచుయుగాలు నిండిన క్వాటర్నరీ అనే పీరియడ్ గొడవలో మీరే పోగొట్టుకున్నారు. 2004 ప్రాంతంలో ఆ పీరియడ్‌కు మీలో చోటే లేకుండా పోయింది. మంచుయుగాల మీద జీవితమంతా పనిచేసినవారు అలిగి లేచారు. 2009లో దాన్ని తిరిగి కూర్చోబెట్టడమే కాక, అందులోని మొదటి ఇపాక్ అయిన ప్లయిస్టోసీన్ ఆరంభాన్ని దాదాపు 18 లక్షల ఏళ్ల నుంచి దాదాపు 26 లక్షల ఏళ్లకు జరిపారు. దానికి ముందున్న ప్లయోసీన్ చేతినుంచి ఎనిమిది లక్షల ఏళ్లు ఒక్క ఓటింగుతో జారిపోయాయి. ఏ పొరా కదలలేదు, ఏ శిలాజమూ చోటు మారలేదు.

ఇప్పుడు మా వంతు. మేముంటున్న హోలోసీన్‌కు 2008లో మీరు ఆమోదించిన మేకు ఏ కొండలోనూ లేదు; గ్రీన్‌లాండ్‌లో తవ్వితీసిన మంచు స్తంభంలో, 1492.45 మీటర్ల లోతుకు చెందిన ముక్కలో ఉంది. దాన్ని కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయంవారు ఫ్రీజర్‌లో భద్రపరిచారు. 2018లో ఈ ఇపాక్‌ను మూడు ఏజ్‌లుగా చీల్చి, చివరిదానికి మేఘాలయలోని మామ్లూ గుహలో పెరిగిన ఒక సున్నపు స్తంభాన్ని ఆధారంగా తీసుకున్నారు. సుమారు 4,200 ఏళ్ల కిందట రుతుపవనాలు బలహీనపడిన జాడ ఆ స్తంభపు ఆక్సిజన్ ఐసోటోపుల్లో ఉంది. ఆ కరవు ప్రపంచమంతటా ఒకేసారి, ఒకే తీరుగా వచ్చిందా అని అడిగినవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆ వాదన తేలకముందే మీరు గడి గీసేశారు, మేమందరం మేఘాలయన్ వాసులమయ్యాం.

అంత ఉదారంగా ఒక కరవుకు గడి ఇచ్చినవారు, మనిషి భూమిని మార్చేసిన కాలానికి పెట్టిన పేరైన ఆంత్రోపోసీన్ దగ్గర ఎందుకంత బిగుసుకున్నారో అడగడానికే ఈ లేఖ. ఓజోన్ పొర రసాయనశాస్త్రానికి నోబెల్ అందుకున్న పాల్ క్రుట్జెన్, 2000లో మెక్సికోలోని ఒక సమావేశంలో హోలోసీన్ అన్న మాట పదేపదే వినబడుతుంటే ఓపిక నశించి, మనమిప్పుడు ఆంత్రోపోసీన్‌లో ఉన్నాం అన్నాడు. ఆ మాటకు మీలో గడి ఇవ్వవచ్చా అని చూడడానికి 2009లో కార్యవర్గం ఏర్పడింది. అది ఎన్నో సరస్సులు, పగడాలు, మంచుపొరలు పరిశీలించి, 2023లో కెనడాలోని క్రాఫర్డ్ సరస్సును ఎంచుకుంది. చిన్న సరస్సే గానీ లోతైనది. అడుగునీరు పైనీటితో కలవదు కాబట్టి అక్కడ ఏటికొక పొర చెదరకుండా పేరుకుంటుంది. ఆ పొరల్లో బొగ్గు, చమురు మండించిన మసి రేణువులున్నాయి, 1950ల ఆరంభం నుంచి హైడ్రోజన్ బాంబు పరీక్షల ప్లుటోనియం ఉంది. ప్యాటర్సన్ గారు తుడిచి తుడిచి అలసిపోయిన వేలిముద్ర లాంటిదే, ఈసారి తుడవడానికి వీలులేనిది. ప్లుటోనియం-239 సగానికి తగ్గడానికే దాదాపు 24 వేల ఏళ్లు పడుతుంది.

2024 మార్చిలో మీ ఉపసంఘం ఈ ప్రతిపాదనను 12–4 ఓట్లతో తోసిపుచ్చింది. ఓటింగు పద్ధతి సరిగా లేదని ఆ ఉపసంఘం అధ్యక్షుడే అభ్యంతరం చెప్పారు. పై సమాఖ్య అదే నెలలో తిరస్కరణను ఖాయం చేసింది. ఖాయం చేస్తూ, ఈ మాటను శాస్త్రవేత్తలు, విధానకర్తలు, ప్రజలు ఇకముందు కూడా వాడుకుంటారని, అది ఎంతో విలువైనదని మెచ్చుకుంది. గడి ఇవ్వం, పేరు వాడుకోండి అన్నమాట.

న్యాయంగా చెప్పాలంటే మీ పక్షాన బలం ఉంది. ఆరంభాన్ని 1952లో పెడితే అడవులు నరికి పొలాలు చేసిన వేల ఏళ్లు, బొగ్గు తవ్విన రెండు శతాబ్దాలు మనిషి లెక్కలోంచి తప్పుకుంటాయి. ఏడు దశాబ్దాల మడ్డిని ఇపాక్ అనడం, కనిష్ఠంగా వేల ఏళ్లతో వ్యవహరించే మీకు ఎబ్బెట్టుగా తోచడంలో వింత లేదు. దీన్ని గడిగా కాక ఒక సంఘటనగా చూడండి, 240 కోట్ల ఏళ్ల కిందట గాలిలోకి ఆక్సిజన్ వచ్చి చేరిన పరిణామాన్ని చూసినట్టుగా, అని కొందరు వాదించారు. ఆ ఆక్సిజన్‌ను వదిలిన సయనోబ్యాక్టీరియా అనే సూక్ష్మజీవులు భూమి రసాయనాన్నే మార్చి కూడా తమ పేర ఒక గడి కావాలని కార్యవర్గం వేసుకోలేదు. ఆ వినయం మాకు లేదు. చేసిన నష్టానికి కూడా నామఫలకం కావాలనే తొందర మా జాతిలో ఉందని, మీ తిరస్కరణలో సగం ఆ తొందర మీది విసుగేనని నా అనుమానం. ఆ తొందర ఎంతదాకా పోయిందంటే, 1959లో లూనా 2 అనే వ్యోమనౌక వెళ్లి ఢీకొన్నది మొదలు చంద్రుడికి కూడా ఆంత్రోపోసీన్ ప్రకటించాలని 2023లో కొందరు పరిశోధకులు ప్రతిపాదించారు.

అయినా నా అభ్యంతరం నిలిచే ఉంది. పురుగు బొరియ నాలుగు మీటర్లు తప్పినా గీత కదలదన్నప్పుడు, సరిహద్దు అనేది ఒప్పందమని మీరే ఒప్పుకున్నారు. ప్లయోసీన్ నుంచి ఎనిమిది లక్షల ఏళ్లు కోసినప్పుడు, ఆ ఒప్పందం మనుషుల అవసరాన్ని బట్టి మారుతుందని కూడా ఒప్పుకున్నారు. ఆంత్రోపోసీన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం, మీకేమీ పాత్ర లేనట్టు, రాయే ఒప్పుకోవడం లేదన్నట్టు ముఖం పెట్టారు. రాయి ఒప్పుకుంది, ప్లుటోనియం పొరలో ఉంది. ఒప్పుకోనిది మీరు. “మేము ఒప్పుకోలేదు, మా కారణాలు ఇవి” అని మీ ముఖాన మీరే రాసుకోండి. ప్రతి మేకు పక్కనా అది ఎన్ని ఓట్లతో దిగిందో, ఎంతమంది వ్యతిరేకించారో చిన్న అక్షరాల్లో అచ్చువేస్తే, బడిపిల్లలు మిమ్మల్ని శిలాశాసనంగా కాక సభల మినిట్స్ పుస్తకంగా చదువుకుంటారు. దానివల్ల మీ విలువ తగ్గుతుందని నేననుకోను.

మరొక చిన్న మనవి ఉంది, ఇది అత్యవసరం. మా హోలోసీన్ మేకు మంచుది. 2017లో కెనడాలోని ఒక విశ్వవిద్యాలయంలో శీతలీకరణ యంత్రం చెడిపోయి, ఎన్నో ఏళ్లు శ్రమపడి తెచ్చిన పాత మంచు స్తంభాల్లో కొన్ని నీరైపోయాయి. గ్రీన్‌లాండ్ మంచు ఏటేటా తరుగుతున్న ఈ రోజుల్లో అలాంటి ముక్క మరొకటి అడిగినప్పుడల్లా దొరుకుతుందన్న భరోసా లేదు. కాబట్టి ఆంత్రోపోసీన్ ఫైలు మళ్లీ తెరిచినా తెరవకపోయినా, కోపెన్‌హాగెన్ ఫ్రీజర్‌కు రెండో జనరేటర్ ఉందో లేదో మీ కమిషన్‌వారిచేత ఒకసారి కనుక్కోమనండి. అది ఏ ఇంధనంతో నడుస్తుందన్న ప్రశ్న ఇప్పుడు వేయను.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ పట్టికలో అన్నిటికంటే పై గడిలో, తాత్కాలికంగా నివసిస్తున్న
విధేయుడు